పిజ్జా ఇంట్లోనే చేద్దాం, నాన్నగారికీ ఒక ముక్క పెడదాం



"పిజ్జా తినవచ్చా అండీ?" అని మా ఆహార సలహా గదిలో అడిగేవారు చాలామందే ఉంటారు. అడిగేది పిల్లలు కాదు. చక్కెర వ్యాధికో, రక్తపోటుకో మందులు వాడుతున్న పెద్దలు. పాప పుట్టినరోజనో, బాబు పరీక్షలు అయిపోయాయనో ఇంటికి పిజ్జా డబ్బా వస్తుంది. అందరూ తింటుంటే ఇంటి పెద్ద ఒక పక్కన కూర్చుని రెండు పుల్కాలు, సొరకాయ కూర తింటాడు. లేదా "ఒక్కరోజుకి ఏమవుతుందిలే" అని నాలుగు ముక్కలు తినేసి, మరునాడు రక్తపరీక్షకు రావడానికి జంకుతాడు. ఈ రెండూ మాకు నచ్చవు.

"వద్దు" అని చెప్పడం మాకు చాలా సులభం. కానీ ఒకే ప్రార్థన చేసుకుని ఒకే బల్ల దగ్గర కూర్చునే కుటుంబంలో ఒకరికి మాత్రం ఎప్పుడూ వేరే కంచం పెడుతూ ఉంటే, ఆ మనిషి ఎంతోకాలం పథ్యం నిలబెట్టుకోలేడు. అందుకే ఈ సంచికలో "తినకండి" అనడానికి బదులు "ఇంట్లో ఇలా చేసుకోండి" అని చెప్పదలచాం. పిండి ఎంత, ఉప్పు ఎంత, చీజ్ ఎంత అన్నది మన చేతిలో ఉన్నప్పుడు అదే పిజ్జా అందరికీ పెట్టవచ్చు. పెద్దవారికి పెట్టే కొలత మాత్రమే వేరుగా ఉంటుంది.

పిజ్జా ధనవంతుల తిండి అని మనలో చాలామంది అనుకుంటారు. మన ఊళ్ళలో దుకాణాలు అద్దాల గదులతో తెరిచారు కాబట్టి అలా అనిపిస్తుంది. దాని పుట్టిల్లు ఇటలీ దేశంలోని నేపుల్స్ రేవు పట్టణం. అక్కడ అది కూలిపని చేసుకునేవారు వీధిలో కొనుక్కుని నిలబడి తినే రొట్టె. పలుచని రొట్టె, దానిమీద టమాటా గుజ్జు, వెల్లుల్లి, కాస్త నూనె, ఉంటే కొద్దిగా జున్ను. ఆ రొట్టె చేసే చేతిపనిని 2017లో యునెస్కో మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడి కట్టెల పొయ్యిలో వేడి 400 డిగ్రీలు దాటి ఉంటుంది కాబట్టి ఒకటిన్నర నిమిషంలోనే రొట్టె కాలిపోతుంది. అంచుల్లో కూడా చీజ్ కూరి, పైన మందంగా మళ్ళీ చీజ్ పరచి ఇచ్చేది తరువాతి కాలపు పద్ధతి. రోగులకు ఇబ్బంది తెచ్చేది ఎక్కువగా ఈ రెండోదే.

పిండి కలపడం

నాలుగు చిన్న పిజ్జాలకు, అంటే ఒక్కొక్కటి మన చపాతీ అంత వెడల్పు ఉండేవాటికి, 300 గ్రాముల పిండి చాలు. సగం గోధుమపిండి, సగం మైదా తీసుకోండి. పూర్తిగా గోధుమపిండితోనే చేయవచ్చు గాని రొట్టె కాస్త గట్టిగా వస్తుంది, పిల్లలు మొదటిసారే పక్కకు నెట్టేస్తారు. సగం సగంతో మొదలుపెట్టి నెమ్మదిగా గోధుమపిండి పెంచుకోవడం మంచిది. ఇందులో అర టీస్పూను ఉప్పు, ఒక టీస్పూను ఇన్‌స్టంట్ ఈస్ట్, చిటికెడు చక్కెర, ఒక టేబుల్‌స్పూను నూనె, సుమారు 200 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్ళు పడతాయి. గోధుమపిండి నీళ్ళు ఎక్కువ పీలుస్తుంది కాబట్టి రెండు చెంచాలు అటూ ఇటూ కావచ్చు.

ఈస్ట్ గురించి ఒక మాట. అది ప్రాణమున్న సూక్ష్మజీవి. పిండిలోని చక్కెరను తిని వాయువును వదులుతుంది, ఆ వాయువుకే పిండి పొంగుతుంది. సువార్తలోని పులిపిండి ఉపమానం పిల్లలకు చెప్పేటప్పుడు ఈ గిన్నెను పక్కన పెట్టి చూపిస్తే వాళ్ళకు ఇట్టే అర్థమవుతుంది. వి.బి.ఎస్.లో పాఠం చెప్పే అక్కలు ఒకసారి ప్రయత్నించండి. నీళ్ళు మరీ వేడిగా ఉంటే ఆ జీవి చనిపోతుంది. పసిబిడ్డకు పోసే స్నానం నీళ్ళ వేడి సరిపోతుంది. ఈస్ట్ పాకెట్ విప్పి చాలా రోజులైతే ముందుగా ఒక చెంచా ఈస్ట్‌ను చక్కెర కలిపిన గోరువెచ్చని నీళ్ళలో వేసి పది నిమిషాలు చూడండి. నురుగు వస్తే పనికి వస్తుంది. రాకపోతే పారేయండి, పిండి పాడు చేసుకోకండి.

పిండిని చపాతీ పిండికంటే మెత్తగా, ఎనిమిది పది నిమిషాలు బాగా పిసకాలి. మొదట చేతికి అంటుకుంటుంది. పొడిపిండి చల్లుతూ పోకండి, పిసికే కొద్దీ అదే సాగుతుంది. తడిబట్ట కప్పి వదిలేయండి. మే నెల ఎండల్లో మన ప్రాంతంలో ముప్పావు గంటకే రెట్టింపు అవుతుంది, చలికాలంలో గంటన్నర కూడా పట్టవచ్చు. గడియారం కంటే గిన్నెను చూడడమే నయం.

పొంగిన ముద్దను నాలుగు ఉండలు చేస్తే ఒక్కొక్క దానిలో 75 గ్రాముల పిండి ఉంటుంది. ఇది చక్కెర వ్యాధి ఉన్నవారు గుర్తుంచుకోవలసిన లెక్క. ఒక పుల్కాకు మామూలుగా 25 గ్రాముల పిండి పడుతుంది. అంటే ఒక పూర్తి చిన్న పిజ్జా మూడు పుల్కాలతో సమానం, సగం పిజ్జా ఒకటిన్నర పుల్కాతో సమానం. రాత్రికి రెండు పుల్కాలు తినమని మీకు చెప్పి ఉంటే, సగం పిజ్జా తిని మిగిలిన ఆకలిని కూరగాయ ముక్కలతో, పప్పుతో తీర్చుకోండి. గోధుమపిండితో చేసింది కదా అని రెట్టింపు తినడం మాత్రం తగదు. మైదాకంటే గోధుమపిండిలో పీచు ఎక్కువే గాని, రక్తంలో చక్కెర పెరగడంలో మనం ఊహించుకునేంత తేడా ఉండదు.

ఓవెన్ లేకపోతే

మా పాఠకుల్లో ఎక్కువ ఇళ్ళలో ఓవెన్ ఉండదు. ఉండనవసరం లేదు. మందపాటి ఇనుప పెనం, దానిమీద సరిగ్గా కూర్చునే మూత ఉంటే చాలు. ఉండను పావు అంగుళం కంటే పలుచగా వత్తి, వేడెక్కిన పెనం మీద వేసి, మధ్యరకం మంటమీద రెండు మూడు నిమిషాలు కాల్చండి. అడుగున గోధుమరంగు మచ్చలు రాగానే తిప్పండి. ఇప్పుడు కాలిన వైపు పైకి వస్తుంది. దానిమీదే సాస్ పూయాలి, ముక్కలు పేర్చాలి, చీజ్ చల్లాలి. పచ్చి వైపు సాస్ పూస్తే రొట్టె మధ్యలో ఉడకక ముద్దగా ఉండిపోతుంది. తరువాత మూత పెట్టి, మంట బాగా తగ్గించి, ఐదారు నిమిషాలు ఉంచితే చీజ్ కరుగుతుంది, అడుగు కరకరలాడుతుంది.

కొందరు ప్రెషర్ కుక్కర్‌లో నీళ్ళు పోయకుండా, లోపల ఇసుకో ఉప్పో వేసి ఓవెన్‌లా వాడతారు. అలా చేసేవారు గాస్కెట్, వెయిట్ తప్పకుండా తీసివేయాలి. లేకపోతే ప్రమాదం. మా మటుకు మేము పెనమే మేలంటాం. ఖాళీగా కాల్చిన అల్యూమినియం కుక్కర్ అడుగు త్వరగా పాడవుతుంది, కాలిన గాస్కెట్ తరువాత పప్పు ఉడికించేటప్పుడు ఇబ్బంది పెడుతుంది. చిన్న కరెంటు ఓవెన్ ఉన్నవారు దాన్ని 230 డిగ్రీల దగ్గర పావుగంట ముందుగా వేడిచేసి, పిజ్జాను పది పన్నెండు నిమిషాలు ఉంచితే సరిపోతుంది.

సాస్‌లు

రుచి అంతా ఇక్కడే ఉంది. మేము ఎక్కువగా చెప్పదలచుకున్నది కూడా దీని గురించే.

చాలామంది సాస్ అంటే కెచప్ సీసా తీస్తారు. కెచప్ 100 గ్రాములలో చక్కెరే 20 గ్రాములకు పైగా ఉంటుంది, ఉప్పు దానికి అదనం. సీసా వెనుక చిన్న అక్షరాలలో రాసే ఉంటుంది, ఒకసారి కళ్ళద్దాలు పెట్టుకుని చదవండి. ఇంటి సాస్‌కు అర కిలో టమాటాలు తీసుకోండి. గుండ్రని నాటు టమాటాలు పుల్లగా, రసం ఎక్కువగా ఉంటాయి. కోలగా ఉండే హైబ్రిడ్ కాయల్లో కండ ఎక్కువ. రెండూ కలిపితే బాగుంటుంది. కాయల అడుగున కత్తితో గాటు పెట్టి, మరిగే నీళ్ళలో ఒక నిమిషం ఉంచి తీస్తే తొక్క దానంతటదే ఊడి వస్తుంది. ఒక టేబుల్‌స్పూను నూనెలో ఐదారు వెల్లుల్లి రెబ్బలు సన్నగా తరిగి వేయండి. అవి ఎర్రబడకముందే టమాటా ముక్కలు వేసి, పావు టీస్పూను ఉప్పు, కచ్చాపచ్చాగా దంచిన ఎండుమిర్చి కొద్దిగా చేర్చి, మూత లేకుండా ఇరవై ఐదు నిమిషాలు దగ్గరకు రానివ్వండి. గరిటెతో గీత గీస్తే ఆ గీత ఒక క్షణం నిలవాలి. పలుచగా ఉంటే రొట్టె నానిపోతుంది. మరీ పుల్లగా ఉందనిపిస్తే చక్కెర వేయకండి, ఒక చిన్న క్యారట్ తురిమి వేస్తే పులుపు విరుగుతుంది.

పిజ్జా వాసనగా మనం గుర్తుపట్టేది ఒరెగానో ఆకుది. దానికోసం చిన్న పాకెట్లు కొననవసరం లేదు. పైగా "పిజ్జా మసాలా" పేరుతో అమ్మే కొన్నిటిలో ఉప్పు కూడా కలిపి ఉంటుంది. మన పెరట్లో కుండీలో పెరిగే వాము ఆకుకు దాదాపు అదే ఘాటు ఉంటుంది. దగ్గు వస్తే పిల్లలకు రసం తీసి పోసే ఆకే అది. రెండు ఆకులు సన్నగా తరిగి సాస్ దించేముందు వేయండి. ఆకు దొరకకపోతే అర చెంచా వాము నలిపి వేసినా సరిపోతుంది. దుకాణం పిజ్జాకూ దీనికీ వాసనలో పెద్దగా తేడా తెలియదు.

మదనపల్లె వైపు పంట ఎక్కువై ధర పడిపోయే రోజుల్లో ఈ సాస్ నాలుగింతలు చేసి చిన్న డబ్బాలలో డీప్ ఫ్రీజర్‌లో ఉంచుకుంటే రెండు మూడు నెలలు వాడుకోవచ్చు. మామూలు ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులకు మించి ఉంచకండి.

టమాటా పులుపు పడనివారు, ఛాతీలో మంట ఉన్నవారు పచ్చ సాస్ చేసుకోవచ్చు. ఒక కట్ట కొత్తిమీర, గుప్పెడు పుదీనా, రెండు వెల్లుల్లి రెబ్బలు, రెండు చెంచాల వేయించిన పల్లీలు, ఒక చెంచా నూనె వేసి నీళ్ళు పోయకుండా రుబ్బాలి. మంట ఉన్నవారికి పచ్చిమిర్చి వద్దు. వెల్లుల్లి కూడా పడదనుకుంటే మానేయండి. మరో పద్ధతి, పెరుగును పలుచని బట్టలో రెండు గంటలు వేలాడదీసి, గట్టిపడిన దానిలో మిరియాల పొడి, కీరదోస తురుము పిండి కలపడం. ఇది పొయ్యి మీద పెట్టకూడదు, విరిగిపోతుంది. కాలిన పిజ్జా మీద చల్లగా చెంచాతో వేసుకోవాలి. నిల్వ గోంగూర పచ్చడి పూసి చేసిన పిజ్జా చాలా బాగుంటుందని మన యౌవనస్థులు కొందరు చెప్తుంటారు. నిజమే, బాగుంటుంది. కానీ నిల్వ పచ్చడిలో ఉప్పు ఎంతో మనకు తెలుసు. రక్తపోటు ఉన్నవారు ఆ పిజ్జాను యువకులకే వదిలేయండి.

చీజ్, పైన వేసే ముక్కలు

సాగే గుణం మోజరెల్లా చీజ్‌కు ఉంటుంది. పాలవిరుగును వేడినీళ్ళలో సాగదీసి దాన్ని చేస్తారు, అందుకే కరిగినప్పుడు తీగలా వస్తుంది. పనీర్ అలా కరగదు, నిమ్మరసంతో విరగగొట్టిన పాలకు ఆ గుణం రాదు. ఒక చిన్న పిజ్జాకు 40 గ్రాముల మోజరెల్లా, అంటే తురిమితే ఒక గుప్పెడు, చాలు. దానిలో సుమారు 120 కెలోరీలు, తొమ్మిది గ్రాముల వరకు మాంసకృత్తులు ఉంటాయి. ఇంకా కావాలంటే పనీర్ తురుము కలపండి. ముక్కలుగా, ఘనాలుగా దొరికే ప్రాసెస్డ్ చీజ్‌లో మోజరెల్లాకంటే ఉప్పు ఎక్కువ. చౌకగా దొరికే కొన్ని రకాలలో పాల కొవ్వుకు బదులు వనస్పతి నూనెలు వాడతారు. పాకెట్ మీద ఏ పదార్థాలతో చేశారో చదివి కొనండి.

కూరగాయల్లో ఉల్లిపాయ, బెంగుళూరు మిరపకాయ, మొక్కజొన్న గింజలు, క్యారట్, లేత మునగాకు ఏదైనా పనికి వస్తుంది. పుట్టగొడుగులు, పాలకూర నీళ్ళు వదులుతాయి కాబట్టి ముందుగా పెనం మీద వాటిని ఆరనివ్వాలి. టమాటా చక్రాలకు గింజలు తీసేయండి. పిల్లల బరువు తక్కువగా ఉందని మా వైద్యులు చెప్పిన ఇళ్ళలో ఉడికించిన గుడ్డు, పనీర్, ఉడికిన శనగలు ఎక్కువ వేయండి. పథ్యం లేని బిడ్డకు పిజ్జా మంచి బలమైన ఆహారమే.

కోడిమాంసం వేసేటప్పుడు జాగ్రత్త అవసరం. పెనం మీద మూతపెట్టిన ఐదు నిమిషాలలో చీజ్ కరుగుతుంది గాని పచ్చి మాంసం ఉడకదు. చిన్న ముక్కలు కోసి, మిరియాలు, పసుపు, పెరుగు పట్టించి, లోపల ఎర్రదనం పోయేవరకు ముందే వండుకోవాలి. ఫ్రిజ్‌లో ఉంచిన నిన్నటి కోడికూర ముక్కలు ఉంటే మసాలా దులిపి, బాగా వేడిచేసి వేసుకోండి. పచ్చి మాంసం కోసిన కత్తిని, పీటను సబ్బుతో కడగకుండా ఉల్లిపాయలు తరగకండి. సలామీ, సాసేజ్ వంటివాటిని మేము ప్రోత్సహించం. వాటిలో ఉప్పు చాలా ఎక్కువ. అంతేకాక ఇలా నిల్వచేసిన మాంసాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది.

ఎవరెవరు ఏమి చూసుకోవాలి

రక్తపోటు ఉన్నవారి లెక్క ఇది. పెద్దవారికి రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే ఒక టీస్పూను లోపు, చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పైన చెప్పిన కొలతలతో చేస్తే ఒక చిన్న పిజ్జాలో పిండి, సాస్, చీజ్ అన్నీ కలిపి సుమారు రెండు గ్రాముల లోపు ఉప్పు ఉంటుంది. సగం తింటే ఒక గ్రాము లోపు. ఆ రోజు మధ్యాహ్నం అప్పడం, ఆవకాయ మానేస్తే ఇది మీ లెక్కలో సరిపోతుంది. ఉప్పునీళ్ళలో నిల్వచేసిన ఆలివ్ కాయలు, మిరపకాయ చక్రాలు వేస్తే ఈ లెక్క తప్పుతుంది.

చక్కెర వ్యాధి ఉన్నవారు మరో సంగతి గమనించాలి. పిజ్జాలోని కొవ్వు ఆహారం అరుగుదలను ఆలస్యం చేస్తుంది. అందువల్ల తిన్న రెండు గంటలకు పరీక్షిస్తే చక్కెర బాగానే ఉన్నట్టు కనిపించి, నాలుగైదు గంటలకు పెరగవచ్చు. రాత్రి తొమ్మిదిన్నరకు తిని పడుకుంటే ఆ పెరుగుదల మీకు తెలియదు. సాయంత్రం ఏడు గంటలకే తినండి, పడుకునేముందు మరోసారి పరీక్షించండి. ఇన్సులిన్ తీసుకునేవారు మోతాదును సొంతంగా మార్చకుండా మీ వైద్యుని అడగండి. పక్కన కూల్ డ్రింకు మాత్రం వద్దు. 300 మిల్లీలీటర్ల సీసాలో 30 గ్రాముల చక్కెర, అంటే ఆరు టీస్పూన్లు ఉంటుంది. పిజ్జాను ఎంత జాగ్రత్తగా చేసినా ఆ ఒక్క సీసాతో అంతా వృథా. పలుచని మజ్జిగ తాగండి.

మూత్రపిండాల జబ్బుతో డయాలిసిస్ చేయించుకుంటున్నవారికి టమాటా, చీజ్ రెండూ సమస్యే. టమాటాలో పొటాషియం, చీజ్‌లో భాస్వరం ఉంటాయి. వీరు ముందుగా మమ్మల్ని అడిగి గాని తినవద్దు. మూత్రపిండాల్లో రాళ్ళు ఉన్నవారు పాలకూర వేసుకోకండి. క్షయకు ఐసోనియాజిడ్ బిళ్ళలు వాడేవారిలో కొందరికి నెలల తరబడి మాగబెట్టిన చీజ్ తింటే ముఖం ఎర్రబడి, తలనొప్పి, గుండెదడ రావచ్చు. మోజరెల్లా మాగబెట్టే రకం కాదు కాబట్టి సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఏ లక్షణం కనిపించినా మందు మానకండి, ఆసుపత్రికి రండి.

గోధుమ అసలు పడని సీలియాక్ జబ్బు బిడ్డలు మా దగ్గరకు వస్తుంటారు. తోటిపిల్లలు పిజ్జా తింటుంటే వాళ్ళ ముఖాలు చూడలేం. వీరికి పలుచని జొన్నరొట్టె కాల్చి, దానిమీదే సాస్, చీజ్ వేసి మూతపెట్టండి. అయితే గోధుమలు పట్టే మరలో జొన్నలు పట్టించకూడదు. మరలో మిగిలిపోయిన కొద్దిపాటి గోధుమపిండి కూడా వారికి హాని చేస్తుంది. జొన్నలు ఇంట్లో మిక్సీలో ఆడించుకుని, విడిగా ఉంచిన పెనం, చపాతీ కర్ర వాడండి. మిగతావారి పిజ్జాలు చేయకముందే, బల్లమీద పిండి చల్లకముందే, వీరి రొట్టె చేసి మూతపెట్టి పక్కన ఉంచండి.

పొంగిన పిండి ఉండలు మిగిలితే నూనె రాసి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, మరునాడు కూడా పనికి వస్తాయి. నిజానికి రెండో రోజు రొట్టెకే రుచి ఎక్కువ. కాల్చేముందు అరగంట బయట పెట్టి, చల్లదనం పోయాక వత్తండి.